తాతగారి జేబుగడియారము

గడియారము కాలమును చూపు యంత్రమని మనమందఱము ఎఱుగుదుము. కాని కొన్ని ఇండ్లలోని పాత గడియారములు తాము చూపు కాలముకంటె తాము గడపిన కాలమునే ఎక్కువగా చెప్పుచుండును. అట్టి గడియారమొకటి మా యింట నున్నది. అది అమెరికా దేశమున పుట్టి, హైదరాబాదు పాతబస్తీలో తన వెండికవచమును పోగొట్టుకొని, డెబ్బది యేండ్లకు పైగా ఒక రేకుడబ్బాలో మూగయై పడియుండి, గత సంవత్సరము మరల పలుక నారంభించినది. దానిని బాగుచేయించి, దానికి వేఱొక కేసు తొడిగించిన వృత్తాంతమును మా పాఠశాల బాలబాలికలకును, వారి తలిదండ్రులకును తెలుపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా తాతగారు ఒక మిషను ఆసుపత్రిలో కాంపౌండరుగా నుండెడివారు. ఆ ఆసుపత్రిలో చిరకాలము పనిచేసిన అమెరికా డాక్టరుదొరగారు స్వదేశమునకు మరలిపోవునపుడు తమ జేబుగడియారమును తాతగారి చేతిలో పెట్టి సెలవు తీసికొనిరట. నాటినుండి తాతగారు రోగి మణికట్టును ఎడమచేత పట్టుకొని, కుడిచేత గడియారపు మూతను తెఱచి, డయలు అడుగుభాగమున నున్న చిన్న సెకండ్ల వలయమును చూచుచు నాడిని లెక్కించెడివారు. మూత టక్కున మూయు చప్పుడు వినబడినచో పరీక్ష ముగిసినదని రోగి బంధువులు తెలిసికొనెడివారట. ఈ ముచ్చటలన్నియు మాకు చెప్పినవారు మా మేనత్తగారు. ఆమెకిప్పుడు 87 ఏండ్లు.

1946లో తాతగారు కాలధర్మము చెందిరి. మఱుసటి యేట మా నాయనగారు మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండవలసి యుండెను. రుసుము కట్టుటకు ఇంటిలో చిల్లిగవ్వ లేదు. అప్పుడు నాయనమ్మగారు గడియారమును కొంగున ముడివేసికొని, చిన్నదియగు మా మేనత్తగారి చేయి పట్టుకొని, గుల్జార్‌హౌజు దగ్గఱి యొక వెండిదుకాణమునకు నడచిపోయిరి. దుకాణదారునకు గడియారముతో పని లేదు, వెండితోనే పని. అతడు కేసును విప్పి, యంత్రమును వెలుపలికి తీసి, వట్టి వెండిని తక్కెడలో వేసెను. ఎనిమిది తులములు తూగినది. ఆ వెండికి వచ్చిన హాలీ రూపాయలు పరీక్షరుసుమునకును, రెండు పుస్తకములకును సరిపోయినవి. యంత్రమును నాయనమ్మగారు మల్లుగుడ్డలో చుట్టి, తాతగారి పొడుముడబ్బాలో దాచిరి. మా నాయనగారు పరీక్షలో కృతార్థులై, తరువాత ఉపాధ్యాయులైరి. మేనత్తగారి చదువు మాత్రము ఆ సంవత్సరమే నాలుగవ తరగతితో నిలిచిపోయెను. ఇద్దఱిని చదివించుటకు గడియారమునకు రెండు కేసులు లేవుగదా యని ఆమె నవ్వుచు చెప్పుచుందురు. ఆ నవ్వును విన్నప్పుడెల్ల మేము తల వంచుకొనుచుందుము.

ఇక ఆ యంత్రమును గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. దాని పలకపై వాల్థమ్ అను పేరును, ఒక వరుస అంకెయు చెక్కబడియున్నవి. ఆ అంకెను బట్టి చూడగా అది 1890 తరువాతి పదియేండ్లలో తయారైనదని తేలినది. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున 1850లో ఆరన్ డెన్నిసన్, ఎడ్వర్డు హోవర్డు మొదలైనవారు ఈ గడియారముల కర్మాగారమునకు పునాది వేసిరి. 1854లో అది వాల్థమ్ పట్టణమునకు మారి, ఆ యూరి పేరుతోనే ప్రసిద్ధి గాంచినది. అంతకుముందు గడియారమనగా పనివాడు ఒక్కొక్క చక్రమును చేతితో అరగదీసి, దాని చోటున దానిని అమర్చెడివాడు. ఒక గడియారపు చక్రము మఱియొకదానికి పట్టెడిది కాదు. వాల్థమ్‌వారు యంత్రములచేత భాగములను చేయించి, ఒకదాని భాగము మఱియొకదానికి సరిపోవునట్లు చేయ బూనిరి. 1876లో ఫిలడెల్ఫియా నగరమున జరిగిన ప్రదర్శనములో ఈ పనిముట్లను చూచి, గడియారములకు పుట్టినిల్లువంటి స్విట్జర్లండువారు సైతము ఉలికిపడిరి. లాంజిన్ కంపెనీవారి జాక్ డేవిడ్ అను ఇంజనీరు అమెరికా పోయి చూచివచ్చి, మనమును మేలుకొనకున్న బ్రదుకలేమని తనవారికి నివేదిక వ్రాసెను. వాల్థమ్ కంపెనీ 1957లో గడియారములు చేయుట మానివేసినది. కాని అది చేసిన కోట్లకొలది గడియారములలో అనేకము నేటికిని నడచుచున్నవి.

అమెరికా గడియారములకు మఱియొక విశేషము కలదు. కర్మాగారమువారు చాలవఱకు యంత్రమును మాత్రమే అమ్మెడివారు. కేసులను చేయు కంపెనీలు వేఱు. కొనువాడు దుకాణమునకు పోయి తనకు తగిన యంత్రమును, తన స్తోమతుకు తగిన కేసును ఏరుకొనగా, దుకాణదారుడు రెంటిని జతపఱచి యిచ్చెడివాడు. ఇందుకుగాను కొలతలకు అంకెలు నిర్ణయింపబడెను. మా యంత్రము 18వ సైజు. అనగా దాదాపు 45 మిల్లీమీటర్ల అడ్డుకొలత. ఏ కంపెనీ చేసినదైనను ఆ సైజు కేసు సాధారణముగా దానికి సరిపోవును. వాల్థమ్ స్థాపకుడైన డెన్నిసనే పిమ్మట ఇంగ్లండునకు పోయి, బర్మింగ్‌హామ్ నగరమున కేసులు చేయు వృత్తిలో స్థిరపడెను. వెండిబంగారముల ధర పెరిగినప్పుడెల్ల లోకమంతటను ఇట్టి కేసులు మూసలోనికి పోవుటయు, యంత్రములు దిక్కులేక మిగులుటయు జరిగినది. మా యింట జరిగినది వింత కాదు. ఎన్నో యిండ్ల కథయే.

హైదరాబాదు పాతబస్తీకి గడియారములతో చుట్టఱికము పాతదే. 1591లో కట్టిన చార్మినారునకు నాలుగువైపుల గడియారములను 1889లో అమర్చిరి. దానికి పడమట మహబూబ్ చౌకులో 1892లో అస్మాన్‌జాహ్ కట్టించిన గడియారపు స్తంభమున్నది. సాలార్‌జంగు మ్యూజియములో గంటగంటకు గడ్డపు బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టుటను చూచుటకు జనులు నేటికిని గుమిగూడుచుందురు. చేతిలోని ఫోనే గంటను చెప్పుచున్న ఈ దినములలోను ఆ ప్రాంతపు సందులలో గడియారములు బాగుచేయువారు కొందఱు కలరు. అట్టివారిలో ఒక వృద్ధుని యొద్దకు మేము పొడుముడబ్బాను తీసికొనిపోయితిమి. ఆయనను అందఱును ఉస్తాదు అనియే పిలుచుచుందురు గాన మేమును అట్లే వ్రాయుచున్నాము.

ఉస్తాదుగారి అంగడి ఒక మనిషి కూర్చుండుటకు మాత్రమే చోటు గలది. ఆయన కంటికి భూతద్దమును తగిలించుకొని, యంత్రమును రెండు నిమిషములు త్రిప్పిత్రిప్పి చూచి, “మాస్టరు సాబ్, ఇది చచ్చిపోలేదు, అలిగి కూర్చున్నది” అనెను. బాలెన్సు చక్రపు ఇరుసు కొన విఱిగినది. మెయిన్‌స్ప్రింగు చుట్టుకొనియే యుండి తన బిగువును మఱచిపోయినది. నూనె యెండి బంకయైనది. తుప్పు మాత్రము లేదు. నాయనమ్మగారు చుట్టిన మల్లుగుడ్డయు, పొడుముడబ్బా బిగింపును యంత్రమును కాపాడినవని ఆయన చెప్పెను.

పని మూడు వారములు పట్టినది. మేము పాఠశాలకు సెలవుగల దినములలో పోయి చూచుచుంటిమి. మొదట ఉస్తాదుగారు ప్రతి మరను విప్పి, ఏది యెచ్చటనుండి వచ్చినదో ఆ క్రమమున చిన్నచిన్న గాజుగిన్నెలలో వేసిరి. చక్రములను పెట్రోలులో కడిగి, కుంచెతో తుడిచి, కెంపుల రంధ్రములను సన్నగా చెక్కిన పుల్లతో శుభ్రపఱచిరి. గడియారములో కెంపులు అలంకారమునకు గాదు. ఉక్కు ఇరుసు కొన తిరుగుచోట అరుగుదల లేకుండుటకై యుంచు గట్టిరాళ్లు. మా దానిలో అట్టివి పదునైదు.

విఱిగిన ఇరుసునకు మాఱు ఎక్కడ దొరకును? పురానాపూల్ దగ్గఱ గురువారము నాడు జరుగు జుమేరాత్ బజారులో పాతసామానుల కుప్పలనుండి ఉస్తాదుగారు ఎప్పుడో ఏరి తెచ్చిన అదే తరహా వాల్థమ్ యంత్రమొకటి వారి డబ్బాలో నుండెను. దాని పలక తుప్పుతో తినబడి, చక్రముల పండ్లు రాలిపోయి, ఇక నడచు ఆశ లేక యుండెను. దాని ఇరుసును తీసి, కొంచెము మెఱుగుపెట్టి, మా చక్రమునకు తొడుగగా అది అక్కడనే పుట్టినట్లు కూర్చుండెను. ఎన్నడును ఒకదానినొకటి చూడని రెండు గడియారములు, నూఱేండ్ల పిమ్మట, ఒకదాని ప్రాణమును మఱియొకటి నిలుపుకొనుట ఆ అమెరికా పనివారి ఆలోచన ఫలమేగదా యని మేము ఆశ్చర్యపడితిమి.

కష్టమైన ఘట్టము కూర్పు. ఈ తరహా యంత్రమున చక్రములన్నిటిని ఒక్కటే పెద్దపలక మూసియుంచును. పలకను దించునపుడు అన్ని ఇరుసుల కొనలు వాటివాటి రంధ్రములలో ఒక్కమాఱే పడవలెను. ఒకటి తప్పినను, బలము చూపినను, కొన పుటుక్కున విఱుగును. ఉస్తాదుగారు పలకను దించి, ఊపిరి బిగబట్టి, చిమటాతో ఒక్కొక్క ఇరుసును తాకి, ఆఱుమాఱులు ఎత్తి, ఏడవమాఱు మర బిగించిరి. బాలెన్సు చక్రమును అమర్చి, తాళపుచెవివలె తలను రెండు చుట్లు త్రిప్పగనే టిక్కుటిక్కు మొదలైనది. అది సెకండునకు ఐదు, గంటకు 18,000, దినమునకు 4,32,000 పలుకులు పలుకవలెను. ఉస్తాదుగారి మనుమడు తన ఫోనును గడియారము పక్కన నుంచి, ఆ చప్పుడును దానిచేత వినిపించి, దినమునకెంత ముందుకు పోవుచున్నదో తెరపై చూపించెను. ఉస్తాదుగారు ఆ తెరను ఒకమాఱు చూచి, తల పంకించి, చెవియొద్ద పెట్టుకొని తాము వినిరి. రెండు తీర్పులును ఒక్కటే: దినమునకు నిమిషమునకు లోపుగా ముందు. సరిచేయు ముల్లును వెండ్రుకవాసి జరుపగా అదియు చాలవఱకు తగ్గినది.

యంత్రము సిద్ధమైనది; మిగిలినది కేసు. అసలు చిక్కు ఇచ్చటనే వచ్చినది.

మా మేనత్తగారి కోరిక మొదటినుండియు ఒక్కటే. “నాయనా, మా అమ్మ అమ్మిన వెండి మరల ఇంటికి రావలెను. మూత టక్కుమని మూయవలెను” అని. అందులకై మేము కొంత సొమ్మును వేఱుగా ఉంచితిమి. ఉస్తాదుగారు వెదకించగా, ఒక వర్తకునియొద్ద ఎనిమిది తులముల వెండికేసు, మూతగలది, సరిగా 18వ సైజుది, మా తాతగారి దానికి తోబుట్టువువంటిది దొరకినది. కాని అది వట్టి కేసు కాదు. దానిలో మఱియొక అమెరికా యంత్రముండెను. అది చక్కగా నడచుచుండెను. వర్తకునకు అభ్యంతరము లేదు. కేసును తీసికొని, యంత్రమును వేఱుగా పొట్లము కట్టి యిచ్చెదనని చెప్పెను. ఉస్తాదుగారు ఏమియు చెప్పక కొంతసేపు కూర్చుండి, “చచ్చినదానినుండి ఇరుసు తీయుట వేఱు, మాస్టరు సాబ్, బ్రదికినదాని బట్టలు విప్పుట వేఱు. మీరు చేయుమన్న చేసెదను” అనిరి.

రెండవ దారి కంసాలిచేత క్రొత్త వెండికేసు చేయించుట. కాని కీలును, మూతను విసరు స్ప్రింగును, దుమ్ము చొరని బిగింపును చేతితో సాధించుట కఱవైన విద్య. అందుకగు వ్యయము మాకు అందరానిది. మూడవ దారి ఉస్తాదుగారి సొరుగులోనే యుండెను: ఒక పాత నికెలు కేసు. వెండివలె తెల్లగా నుండునుగాని వెండి కాదు, మూత లేదు, గాజుమాత్రమే కలదు. ఇందులో మఱియొక విచిత్రము కలదు. మా యంత్రము మూతగల కేసుకొఱకు చేయబడినది. అట్టివానిలో త్రిప్పుతల డయలుమీది 3 అంకెకు ఎదురుగా నుండును. మూతలేని కేసుకొఱకు చేసినవానిలో 12కు ఎదురుగా నుండును. కాబట్టి మా యంత్రమును ఆ నికెలు కేసులో పెట్టినచో గొలుసు పట్టి వ్రేలాడదీసినపుడు 12 అంకె పక్కకు వాలియుండును. గడియారములెఱిగినవారు చూచినచో ఇది దీని సొంత కేసు కాదని నిమిషములో కనిపెట్టుదురు.

మూడు దారులను మేనత్తగారికి విన్నవించితిమి. ఆమె వెండికేసు సంగతి విని సంతోషించి, వెంటనే, “దానిలోని యంత్రము ఏమగును?” అని అడిగిరి. వర్తకుడు పొట్లము కట్టునని చెప్పితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత మెల్లగా, “ఆ దుకాణములో తక్కెడ పక్కన మన యంత్రము పడియుండుట నేను చూచితినిరా. అప్పటికిని అది నడచుచునే యుండెను. ఇంటికి వచ్చువఱకు అమ్మ కొంగులో దాని చప్పుడు నాకు వినబడెను. రాత్రి ఎప్పుడో ఆగిపోయినది. ఇంకొక యింటి గడియారమునకు ఆ గతి నా చేతులమీదుగా వద్దు. ఆ నికెలుదే పెట్టించుము” అనిరి.

మేము మాఱు పలుకలేదు. ఎనుబదియేండ్లు వెండి కావలెనని తలచిన హృదయము, వెండి చేతికందినపుడు వలదనుట ఎంత కష్టమో మాకు తెలియును.

నికెలు కేసును అమర్చుటయు సులువుగా జరుగలేదు. ఈ తరహా గడియారములలో త్రిప్పుతల కాడ కేసులోనే యుండును, యంత్రములో నుండదు. కాడ చదరపు కొన యంత్రములోనికి తగినంత లోతున దిగవలెను. లోతు తక్కువైనచో స్ప్రింగు చుట్టుకొనదు. ఎక్కువైనచో ముండ్లు తిరుగవు. మెడలోని చిన్న గొట్టమును పాయపాయగా త్రిప్పి, ఉస్తాదుగారు ఆ లోతును ఒక పూట కూర్చుండి సరిచేసిరి. తుదకు రెండు మరలు బిగించి, వెనుకమూతను చేతితో త్రిప్పి మూసి, మా చేతిలో పెట్టిరి. వాలిన 12 అంకెను మేము చూచుచుండగా, “నడుచువానికి టోపీ వంకరైన నేమి?” అని నవ్విరి.

ఇప్పుడా గడియారము మేనత్తగారి మంచము తలాపున నుండును. దినమును రాత్రి భోజనానంతరము ఆమెయే దానికి చావి యిత్తురు. మూత లేకుండుట ఆమె చూపునకు మేలే అయినది. తెఱవకయే గంట కనబడును. వెండి ఎచ్చట పోయినదో, ఎందులకు పోయినదో ఆ నికెలు కేసే అడిగినవారికెల్ల చెప్పించుచున్నది. అదే వెండికేసు తొడిగియుండినచో మా నాయనమ్మగారి నడకయు, మా నాయనగారి పరీక్షయు, మేనత్తగారి నాలుగవ తరగతియు మూతక్రింద కనుమఱుగై యుండెడివి. పాతవస్తువును బాగుచేయుటయనగా దానికి ఏమియు జరుగనట్లు కనబడజేయుట గాదనియు, జరిగినదానితోకూడ దానిని నడిపించుటయనియు ఈ పనివలన మేము తెలిసికొంటిమి.

బాలబాలికలారా! మీ యిండ్లలోను పెట్టె అడుగున, ధాన్యపు గదిలో, పాత కోటు జేబులో ఇట్టి గడియారములుండవచ్చును. కత్తితో వెనుకమూతను పెకలింపకుడు. కొన్నిటికి మూత త్రిప్పుడు మరగా నుండును. నడచుచున్నదా యని ఆశతో చావిని బిగియ త్రిప్పకుడు. ఎండిన నూనెతో నడిచినచో ఇరుసులు అరుగును. యంత్రముమీది పేరును, అంకెను వ్రాసికొని, తెలిసిన పనివానికి చూపుడు. అన్నిటికంటె ముందు, ఇంటిలోని పెద్దలను దాని సంగతి అడుగుడు. గడియారము మఱి నూఱేండ్లయినను వేచియుండగలదు, వారు వేచియుండలేరు.

కేసు కొఱకు మేము వేఱుగా నుంచిన సొమ్ము చాలవఱకు మిగిలిపోయినది. దానిని ఏమి చేయవలెనని మేనత్తగారిని అడిగితిమి. ఈ సంవత్సరము మన పాఠశాలనుండి పదవ తరగతి పరీక్షకు పోవుచు, రుసుము కట్టలేక యున్న ఆడుపిల్ల యెవరైన కలదేమో విచారింపుమనిరి. ఇద్దఱు కలరని తెలిసినది. ఇద్దఱికిని ఆ సొమ్ము సరిపోయినది.